పోస్టరు పిల్ల బుగ్గలు

చరిత్ర మాస్టారికి బతుకులో రెండే భయాలు. ఒకటి పెద్ద మేడం, రెండోది అత్తగారు. ఆ రోజు మూడో పీరియడుకి ఆ రెండు భయాలూ ఆయన క్లాసులోనే, చివరి బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఉన్నాయి.

తప్పు ఎవరిదీ కాదు, ఆయన నోటిదే. పదో తరగతికి యుద్ధకాలపు బొమ్మల పాఠం చెప్పాలి. పుస్తకంలో బొమ్మలు తపాలా బిళ్లంత సైజులో, సైనికుడేదో గుర్రమేదో తెలియకుండా అచ్చయ్యాయి. ఆ మాట మీద స్టాఫ్ రూములో టీ తాగుతూ, "మా హాల్లో అసలు పోస్టరే ఉంది. అందులో పిల్ల మా అత్తగారే" అని గొప్పకు పోయారు. అది పెద్ద మేడం చెవిన పడింది. "అయితే పోస్టర్‌తో పాటు ఆవిడనీ తీసుకురండి" అన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ పోస్టరు తెలియనివాళ్లు లేరు. యుద్ధం పోయింది గానీ అది మాత్రం క్యాలెండర్ల మీదా, టీ కప్పుల మీదా బతికే ఉంది. ఐదేళ్ల పిల్ల. టమాటాల్లాంటి బుగ్గలు. చేతిలో కొరికిన రొట్టె. కింద పెద్ద అక్షరాలు: "ఇక్కడ మాకే లోటూ లేదు. మీరు నిశ్చింతగా పోరాడండి."

ఆ బుగ్గలే మాస్టారి గుండెల్లో రాయి. ఆ చలికాలంలో ఇంటికి రోజుకు అరచేతిలో పట్టేంత రొట్టె ఇచ్చేవారని, అందులోనూ సగం రంపంపొట్టేనని ఆయనే ఏటా పాఠం చెబుతారు. మరి ఈ పిల్ల ఇంత బొద్దుగా ఎలా ఉంది? పిల్ల తండ్రి ఎక్కడ పనిచేశాడు? తిండిగింజల గోడౌన్‌లో, కాపలాదారుగా. లెక్క తేలడానికి చరిత్రలో పట్టా అక్కర్లేదు. పెళ్లయిన నాటి నుంచి మాస్టారు ఆ లెక్కను కడుపులోనే దాచుకుని, హాల్లో ఆ పటం కిందే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

ఆ ఉదయం ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ భార్య కూడా హెచ్చరించింది.

"పాఠం మీ ఇష్టం. ఆ బుగ్గల సంగతి మాత్రం అమ్మని ఎవరూ అడక్కుండా చూడండి. తాతయ్య మీద మాట పడితే తను తట్టుకోలేదు. నేనూ తట్టుకోలేను."

చెప్పడం తేలికే. కానీ మాస్టారు ఏడాది పొడుగునా పిల్లలకు నూరిపోసిందేమిటి? ఏ బొమ్మ కనబడినా మూడు ప్రశ్నలు వేయమని. ఎవరు గీయించారు, ఎవరికి చూపించడానికి గీయించారు, అందులో గీయకుండా వదిలేసిందేమిటి. పిల్లలు మిగతా చదువంతా గాలికొదిలేసి ఈ ఒక్కటి మాత్రం వంటబట్టించుకున్నారు. అడ్మిషన్ల బ్యానర్ మీద ఉన్న స్విమ్మింగ్ పూల్ స్కూల్లో ఎక్కడుందని పెద్ద మేడంనే అడిగొచ్చారు. మాస్టారికి దానికి మెమో వచ్చింది.

ఇప్పుడా పిల్లల ముందు అత్తగారి పటం నల్లబల్లకు ఆనించి ఉంది. మొదట పెద్ద మేడం అతిథిని పరిచయం చేసుకోమన్నారు. అత్తగారు లేచి, "మా నాన్న తిండిగింజల గోడౌన్ కాపలాదారు, ఆయన కూతుర్ని" అని, అంతకన్నా చెప్పాల్సిందేమీ లేదన్నట్టు కూర్చున్నారు. కొంప మునగడానికి ఆ ఒక్క ముక్క చాలు.

మాస్టారు పాఠం అందుకున్నారు. ఎవరు గీయించారు? ప్రభుత్వం. ఎవరికి చూపించడానికి? యుద్ధరంగంలో ఉన్న సైనికులకు. అక్కడి నుంచి ఒక్క గంతు వేసి ఎరుపు రంగు మీద పడ్డారు. ఎరుపు ఎందుకు వాడతారు, అచ్చుయంత్రం ఎలా తిరుగుతుంది, జిగురు దేనితో చేస్తారు. పోస్టర్ గురించి చెప్పగలిగినవన్నీ చెప్పారు, ఒక్క పిల్ల గురించి తప్ప.

ముందు బెంచీలో కళ్లజోడు పిల్ల చెయ్యెత్తింది. ఆ చెయ్యి లేస్తే పరువు ఎవరిదో ఒకరిది పోవాల్సిందే.

"సర్, మూడో ప్రశ్న మిగిలిపోయింది."

"అది ఇంటి దగ్గర రాసుకురండి."

"ఇక్కడే అడిగేస్తాను సర్. అప్పుడు అందరూ ఎండిపోయి ఉన్నారని మీరే చెప్పారు. మరి ఈ పాపకి అంతేసి బుగ్గలెలా వచ్చాయి?"

వెనక నుంచి ఒక కుర్రాడు సాయం పట్టాడు. "వాళ్ల నాన్న గోడౌన్‌లో కదా..." అని మొదలుపెట్టి, చివరి బెంచీ వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. మిగతా క్లాసంతా ఆ వాక్యాన్ని మనసులోనే పూర్తి చేసుకుంది. మాస్టారు సుద్దముక్కను రెండుగా విరిచి, రెంటినీ జేబులో వేసుకున్నారు.

అత్తగారు లేచారు. చేతికర్ర టకటకలాడించుకుంటూ నల్లబల్ల దగ్గరికి వచ్చి, పటంలో బుగ్గ మీద వేలు పెట్టారు.

"ఇది దూది," అన్నారు.

ముందు బెంచీ పిల్లలు మెడలు సాచారు.

"రెండు పక్కలా రెండు ఉండలు. నోరు తెరవకుండా కూర్చోమన్నాడు ఆ బొమ్మలాయన. రొట్టె కూడా ఉత్తిదే, సున్నంతో చేసి రంగేశారు. అది నాకు తెలీదుగా. ఆయన అటు తిరగ్గానే దూది ఉమ్మేసి ఒక్క కొరుకు కొరికాను. పాలపన్ను ఊడింది. ఆ గాటు భలే కుదిరిందని ఆయన అలాగే గీసేశాడు."

పిల్లలు నవ్వారు. పెద్ద మేడం కూడా నవ్వబోయి ఆగారు.

"అంతమందిలో మిమ్మల్నే ఎందుకు కూర్చోబెట్టారు?" అంది కళ్లజోడు.

"మిగతా పిల్లలు కుదురుగా కూర్చోవడం లేదట. నాకు కదిలే ఓపిక లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మా నాన్న ఒక్క గింజ తెచ్చుంటే ఆ దూదితో పనేముంది? గోడౌన్ నిండా బస్తాలు, ఇంట్లో ఉడకబెట్టుకోవడానికి తోలు బెల్టు. అమ్మ తిట్టని తిట్టు లేదు ఆయన్ని. ఆ కాస్త రొట్టె కాక మాకు తిండంటే, సైన్యంలో ఉన్న అన్నయ్య పంపే బిస్కెట్లే. యుద్ధంలో వాళ్లకిచ్చేవి తను తినకుండా దాచి, ఇటు వచ్చేవాళ్లకిచ్చి పంపేవాడు. ఓ రోజు అక్కడి రైల్వే స్టేషన్లో గోడ మీద ఈ పోస్టర్ చూశాడట. మా చెల్లి, మా చెల్లి అని అందరికీ చూపించాడట. ఇంట్లో ఏ లోటూ లేదనుకున్నాడు. ఇక పంపడం మానేశాడు."

"అయ్యో. మరి తిరిగొచ్చాక చెప్పలేదా?" అంది కళ్లజోడు పిల్ల.

"కాస్త కండపట్టి వచ్చాడు. నన్ను చూడగానే బుగ్గలేవే అన్నాడు. జ్వరమొచ్చి తగ్గాయన్నాను." ఆవిడ వేలు ఇంకా పటంలో బుగ్గ మీదే ఉంది. "ఎలా చెప్పను? నిద్రలో అరుచుకుంటూ లేచేవాడు. అక్కడి సంగతుల్లో నవ్వుతూ చెప్పుకునేది ఆ బిస్కెట్ల సంగతొక్కటే. నువ్విక్కడ రొట్టె, నేనక్కడ బిస్కెట్లు, ఇద్దరం ఒకేసారి తిన్నామే అనేవాడు. ముసలాడయ్యాక కూడా అదే మాట. అవునన్నయ్యా అనేదాన్ని. మొన్న చలికాలంలో పోయాడు. ఇక చెప్పినా వినేవాడు లేడు."

కళ్లజోడు పిల్ల పెన్ను తీసి పట్టుకుని, రాయకుండా కూర్చుంది. చివరికి, "సర్, పరీక్షలో ఇదొస్తే ఏం రాయాలి? అబద్ధం అనా?" అని అడిగింది. మాస్టారు జేబులో సుద్దముక్కలు వెతుక్కున్నారు.

"దూది సంగతీ రాయి, బిస్కెట్ల సంగతీ రాయి తల్లీ," అన్నారు అత్తగారు. "మార్కులు మీ సారు వేస్తారులే."

ఇంటికెళ్లే బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చున్నారు. మాస్టారు పటాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని వెనకే తల దాచుకునే ప్రయత్నంలో ఉన్నారు. పిల్లలు పిచ్చిప్రశ్నలు వేశారు, ఏమీ అనుకోవద్దు అని ఒక మాట సిద్ధం చేసుకుంటున్నారు.

"పిల్లలు నయం," అన్నారు ఆవిడ, ఆయన నోరు విప్పకముందే. "మొహం మీద అడిగారు. మీరు పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ పటం కిందే కూర్చుంటున్నారు కదా అల్లుడుగారూ. తలెత్తినప్పుడల్లా మీరు చూసింది నా బుగ్గలు కాదు, మా నాన్న జేబులు."

మాస్టారు పటాన్ని మొహానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నారు. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. మాస్టారు నోరు తెరిచారు, మాట రాలేదు.

"ఏం అల్లుడుగారూ," అన్నారు అత్తగారు, టికెట్టుకు చిల్లర తనే తీస్తూ, "మీకూ దూది పెట్టారా?"