పాలు పొంగని బండి

మా తమ్ముడు సాయికృష్ణ అన్నిటికంటే ముందు కొన్నది మంచు గొలుసులు. రోడ్డు మీద మంచు పేరుకుపోతే చక్రాలకు చుట్టే ఇనప గొలుసులట. అమలాపురంలో మాకు తెలిసిన మంచు చలికాలం పొద్దున్నే కొబ్బరాకుల మీంచి నెత్తిన పడే నాలుగు చుక్కలే. అప్పటికింకా బండి కూడా కొనలేదు. గొలుసుల తరవాత దిక్సూచి వచ్చింది. ఆ తరవాత పారా, గొడ్డలీ, రంపమూ ఒకే పిడికి బిగించుకునే విచిత్రమైన పనిముట్టు ఒకటి వచ్చింది. "ఇవి లేకుండా బండిలో బతకడం కుదరదక్కా, వీడియోలో చెప్పేరు," అన్నాడు.

వాడు ఇన్సూరెన్సు ఆఫీసులో ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నాడు. ఆ తరవాత వ్యానునే ఇల్లు చేసుకుని దేశం తిరిగేవాళ్ళని ఫోనులో చూడటమే పని. చూసి చూసి, రామచంద్రపురంలో ఒక కాన్వెంటు వాళ్ళు అమ్మేస్తుంటే పాత స్కూలు వ్యాను కొన్నాడు. దాని పసుపు రంగు మీద పిల్లలు గోళ్ళతో గీసిన పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి.

"మొదటి ప్రయాణం నర్మదకే. నువ్వు రావాలి. నువ్వు లేకుండా బండి కదలదక్కా," అన్నాడు.

ఆ మాట నాకెంత మాటో చెప్పాలి. నా పేరు వేదవతి. హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బోర్డు మీద భారతదేశం పటం గీసి, పడమటికి పారే నదులేవి అని పిల్లల్ని అడిగాను. నర్మద, తపతి అని వాళ్ళు అరిచేవాళ్ళు. నేను మాత్రం తూర్పుకి పారే గోదావరి తప్ప ఇంకో నది చూసి ఎరగను. నీళ్ళు పొద్దు కుంకే వైపు పోతుంటే ఒడ్డున నిలబడి చూడాలని ఎప్పటి నుంచో కోరిక.

రైలెక్కి పోవచ్చుగా అని మీరనచ్చు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన మంచం పక్కనే గడిచిపోయింది. ఆయన పోయి, ఈ ఊరొచ్చి తమ్ముడి వీధిలో అద్దెకు దిగేసరికి నాకు షుగరొచ్చింది. గంట గంటకీ బాత్రూముకి వెళ్ళాల్సిందే. మా ఊరికి రైలు లేదు, రైలెక్కాలన్నా, దిగాక నదిదాకా పోవాలన్నా బస్సే గతి. నడిచే బస్సులో ఆడదానికి ఆ అవసరం వస్తే డ్రైవరు దగ్గర నిలబడి ఎలా బతిమాలాలో అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక నర్మదను పటంలోనే చూసుకోవాలి అనుకున్నాను. అలాంటిది తమ్ముడు ఆ మాట అనేసరికి, చెప్పుకోడానికి సిగ్గేం లేదు, ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

బండి లోపల ఇల్లు కట్టే పని ఈదరపల్లి దగ్గర షెడ్డు నడిపే అయ్యప్పకి అప్పజెప్పాడు. తమ్ముడు పొద్దున్నే వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయేవాడు. సాయంత్రందాకా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆ రంపపు పొట్టులో కూర్చున్నది నేను. కిటికీలకి దోమతెర, మంచినీళ్ళకి ఒక ట్యాంకు, మురుగునీళ్ళకి ఇంకోటి, గ్యాసు లీకైతే కూత పెట్టే అలారం, మంటలార్పే సిలిండరు, అన్నీ నేను పోరితే వచ్చినవే. కర్టెన్లు నేనే కుట్టాను. అన్నిటికంటే పెద్ద పోరు టాయిలెట్టు దగ్గర జరిగింది.

"దారి పొడుగునా పెట్రోలు బంకులుంటాయిగా అక్కా," అన్నాడు తమ్ముడు.

"ఒక్కసారి చీర కట్టుకుని ఆ బంకులోకి వెళ్ళి రారా, అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాను.

మర్నాడే మూత ఉన్న చిన్న టాయిలెట్టుకి ఆర్డరు పెట్టాడు. మంచు గొలుసులు వాడింటి మెట్ల కిందకి వెళ్ళిపోయాయి.

సీట్లు మూడు. డ్రైవరు సీటు తమ్ముడిది, దాని పక్కది వాడి భార్య సౌజన్యది, వెనక కిటికీ పక్కన నాది. నా సీటు ముందు కాళ్ళు చాపుకునే చోటు వదలమన్నాను. బెల్టు బిగించాక ఎక్కి కూర్చుని చూశాను. షెడ్డులోనే, కదలని బండిలో, కిటికీలోంచి అయ్యప్ప సైకిలు కేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. లైట్లకీ నీళ్ళ పంపుకీ ఉండే ఫ్యూజుల పెట్టె ఎక్కడ బిగించమంటారని అయ్యప్ప వచ్చి అడిగాడు.

"నా సీటు కింద బిగించు. ఏదన్నా పోతే నేనే చూసుకుంటాను," అన్నాను.

"ఆయ్, మంచిదండీ టీచరుగారూ," అన్నాడు.

ఒక్కచోట మాత్రం అయ్యప్పకి మనసొప్పలేదు. బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు పొయ్యి దిమ్మ కింద తప్ప ఎక్కడా పట్టలేదు. అది వేడెక్కకుండా గాలి ఆడాలని దిమ్మ మీద, పొయ్యి పక్కనే, జల్లెడలా కంతలు పెట్టాల్సి వచ్చింది.

"గ్లాసుడు నీళ్ళు ఒలికినా తిన్నగా లోపలికే దిగుతాయండీ. మొత్తం కాలిపోద్దండి. జాగ్రత్తగా ఉండాలండీ," అన్నాడు.

తమ్ముడు పక్కనే ఉన్నాడు. "ఆయ్ ఆయ్," అన్నాడు ఫోను చూసుకుంటూ. మా వైపు ఆయ్ అన్నారంటే ఒప్పుకున్నారో, విన్నారో, అసలు వినలేదో అన్న మనిషికే తెలియాలి.

"అది ఉప్మా పొయ్యి. దాని మీద పొంగేదేదీ పెట్టంలే," అని అయ్యప్పకి నేనే ధైర్యం చెప్పాను. పాల సంగతి నాకప్పుడు తట్టలేదు.

బండి ఇంటికొచ్చాక పూజకి పురోహితులు సూర్యనారాయణమూర్తిగారిని పిలిచారు. ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లోపలికి తొంగిచూసి, సందేహంలో పడ్డారు.

"వాహనం అందామంటే శయ్య ఉంది, పొయ్యి ఉంది. గృహం అందామంటే చక్రాలున్నాయి. రెండూ చేసేద్దామండీ, దోషం ఉండదు," అన్నారు.

అంటే చక్రాల కింద నిమ్మకాయలు, లోపల పొయ్యి మీద పాలు. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. సాయికృష్ణకి తోడబుట్టినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పూజకి ముందురోజు రాజోలు నుంచి మా పినతండ్రి కూతురు అమృతవల్లి పట్టుచీరతో సహా దిగింది. దానికీ మాకూ రాకపోకలు లేక ఏళ్ళయింది. అయితేనేం, దానికి మొగుడున్నాడు.

నాకు కడుపు రగిలిందనే చెబుతున్నాను. కానీ రగిలింది రగిలినట్టు లోపలే ఉంచుకుని, మాట్లాడాల్సిన ముక్క మాట్లాడాను.

"సౌజన్యా, పాలు బండి లోపల పొంగించకండి. పొయ్యి కిందే కరెంటు సామానంతా ఉంది. వాకిట్లో మూడు ఇటుకలు పెట్టి పొంగించండి. శాస్త్రమూ తప్పదు, బండీ బాగుంటుంది."

సౌజన్య నా చెయ్యి పట్టుకుంది. "మీ బాధ నాకు తెలీదనుకున్నారాండీ వదినగారూ? ఏం చేస్తామండీ, పెద్దవాళ్ళు పెట్టిన ఆచారాలు. మీరేమీ మనసులో పెట్టుకోకండి," అంది.

నేను ఇన్వర్టరు గురించి చెబుతున్నాను. ఆవిడకి వినిపించింది ఇంకోటి. తమ్ముడి దగ్గరికెళ్ళి అదే మాట చెబితే, "ఆయ్, చూద్దాంలే అక్కా," అన్నాడు.

ముహూర్తం వేళకి నన్నెవరూ పొమ్మనలేదు. కోనసీమలో ఎవరూ ఎవరినీ పొమ్మనరు. "ఎండగా ఉందండీ వదినగారూ, మీరలా అరుగు మీద నీడన కూర్చోండి," అంది సౌజన్య. కుర్చీ వేయించింది. మజ్జిగ పంపింది. బండికి ఎంత దూరంలో వేయించాలో బాగా ఆలోచించే వేయించినట్టుంది ఆ కుర్చీ. ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకుని కూర్చున్నాను, ఎందుకంటే నాకు నర్మద కావాలి.

బండి పక్క తలుపు బార్లా తీసి ఉంది. పొంగు ఘనంగా రావాలని అమృత కొత్త ఇత్తడి గిన్నె నిండా అంచుదాకా పాలు పోసింది. పొయ్యి వెలిగించారు. తమ్ముడు వీడియో తీస్తున్నాడు. మంత్రాలు జోరందుకున్నాయి. కాసేపటికి పాల మీద మీగడ కట్టి, మధ్యలో ఉబ్బడం మొదలైంది. అమృత చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

"కట్టెయ్యండి," అన్నాను. మంత్రాల్లో ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. సౌజన్య నాకేసి చూసి, ఫరవాలేదు కూర్చోండి అన్నట్టు చెయ్యి ఊపింది.

లేచాను. మోకాళ్ళ నొప్పులన్న సంగతి కూడా గుర్తు రాలేదు. అమృతని పక్కకి నెట్టి, తలుపులోంచి చెయ్యి పెట్టి పొయ్యి కట్టేశాను.

అంచు దాటబోయిన పాలు గిన్నెలోకి దిగిపోయాయి.

మంత్రం ఆగింది. దిమ్మ మీద ఒక్క చుక్క ఒలకలేదు. కింద ఇన్వర్టరు ఫ్యాను సన్నగా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అందరూ నా చేతికేసే చూస్తున్నారు. దానికి వాచీ తప్ప ఇంకేమీ లేదు.

"కింద కరెంటుందిరా. అయ్యప్ప చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు," అన్నాను తమ్ముడితో.

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పర్లేదక్కా. అయిందేదో అయింది," అన్నాడు.

"పర్లేదండీ వదినగారూ, మీరు కావాలని చేసేరా," అంది సౌజన్య కళ్ళు తుడుచుకుంటూ.

"చిన్నప్పట్నించీ నీకు తొందరెక్కువ వేదక్కా," అంది అమృత.

అందరికీ పర్లేదు. ఒక్కరు తిట్టినా నేనూ తిరిగి తిట్టి, కారణం విప్పి చెప్పేదాన్ని. ఇంత మర్యాదగా మాట్లాడేవాళ్ళతో ఎలా పోట్లాడాలో నాకు చేతకాలేదు. సూర్యనారాయణమూర్తిగారు ఉత్తరీయం సర్దుకుని, ఇంకో మంచిరోజు చూసి చెబుతానన్నారు.

ఆ మంచిరోజు ఎప్పుడో నాకు తెలియనివ్వలేదు. కంటి డాక్టరుకి చూపించుకుని వస్తూ తమ్ముడింటి ముందు రిక్షా ఆపించాను. వాకిట్లో మూడు ఇటుకలున్నాయి. మధ్యన బూడిద, చుట్టూ మట్టిలో ఇంకిన పాల మరక. నేను చెప్పినచోటే, నేను చెప్పినట్టే పొంగించారు. అమృత రాజోలు నుంచి మళ్ళీ వచ్చి వెళ్ళిందట. మా గుమ్మం ముందు నుంచే వెళ్ళి ఉంటుంది, ఇంకో దారి లేదు.

తరవాతి వారంలో అయ్యప్ప ఫోను చేశాడు.

"టీచరుగారండీ, వెనక సీటు తీసెయ్యమంటున్నారండి అయ్యగారు. ఆ చోట్లో ఫ్రిజ్జు పెట్టాలంటండి. మీకు తెలుసాండి?"

తెలియదు. "ఆయ్, తెలుసు," అన్నాను.

"మరి కింద ఫ్యూజుల పెట్టె ఉంది కదండీ. అది కదపడం కష్టమండి. అయ్యగారికి చెప్పేనండి. ఆయ్ అన్నారండి."

"అయితే అక్కడే ఉండనీ," అన్నాను.

బయల్దేరే ముందురోజు ఇద్దరూ మా ఇంటికొచ్చారు. సౌజన్య పళ్ళు తెచ్చింది. "మీకు షుగరాయె, అంత దూరం మీవల్ల కాదండీ వదినగారూ. మీ ఆరోగ్యం కంటే మాకేం ఎక్కువండీ," అంది. ఆ షుగరు కోసమే కదా ఆ టాయిలెట్టు పెట్టించింది అని నోటిదాకా వచ్చింది. తమ్ముడు నా మొహం చూడకుండా, మొక్కలకి నీళ్ళు పోయమని ఇంటి తాళంచెవి చేతిలో పెట్టాడు. నేనేం చేశానో తెలుసా? లోపలికెళ్ళి కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం తెచ్చి ఇచ్చాను. గతుకులకి మూత ఊడకుండా మరమూతల సీసాలు వెతికి, బండి కోసమని ఎప్పుడో నింపి ఉంచినవి. ఇచ్చాక నామీద నాకే అసహ్యం వేసింది.

రోజూ ఫొటోలు పంపారు. నేను కుట్టిన కర్టెన్లు, దోమతెర వెనక మంచం, నా పొడులతో అన్నం. "ఈ టాయిలెట్టే లేకపోతే చచ్చేవాళ్ళమండీ వదినగారూ," అని సౌజన్య ఒక మెసేజీ పెట్టి, కింద దండం బొమ్మ పెట్టింది. నేనూ ఒక దండం బొమ్మ పంపాను.

ఒక సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోస్తుంటే తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, ఓంకారేశ్వర్ దాటి నర్మద ఒడ్డున ఆగేం. ఉన్నట్టుండి లైట్లూ, నీళ్ళ పంపూ పోయేయి. అయ్యప్ప ఫోనెత్తట్లేదు. ఇన్వర్టరు మాత్రం బానే ఉంది, పచ్చలైటు వెలుగుతోంది."

"ఇన్వర్టరు బాగుందా?" అన్నాను. వాడి నోట ఇంకోసారి వినాలనిపించింది.

"బ్రహ్మాండంగా ఉందక్కా. ఫ్యూజేదో పోయినట్టుంది."

"నది కనిపిస్తోందా?"

"ఆఁ, ఎదురుగానే ఉంది."

"ఎటు పారుతోందిరా? పొద్దు కుంకే వైపేనా?"

"ఏమోనక్కా, నేనంత చూడలేదు. చీకటి పడిపోతోంది. ముందా ఫ్యూజుల పెట్టె ఎక్కడ పెట్టించేవో చెప్పు."

నీళ్ళ చప్పుడు వినిపిస్తుందేమోనని ఫోను చెవికి అదుముకున్నాను. సౌజన్య గొంతు వినిపించింది, "వదినగారికి తెలుసుంటుందండీ, సరిగ్గా అడగండి," అంటోంది.

"నా సీటు కింద ఉంది," అన్నాను.

వాడు బండిలోకి ఎక్కి వెతుకుతున్నట్టున్నాడు. ఏవో తలుపులు తీసి మూసిన చప్పుడైంది.

"ఏ సీటక్కా?" అన్నాడు.