ట్యాంకులు కనిపిస్తేనే

నాలుగు రోజులుగా లీటియా ఒకే మాట చెబుతోంది: విమానం దిగడానికి లేదు. మొదటి రోజు ఊరు విని ఊరుకుంది. రెండో రోజు విసుక్కుంది. మూడో రోజుకి, ఆ పొగమంచును ఆవిడే ఇంట్లో కాచి తెచ్చి ఊరి మీద పోస్తున్నట్టు చూడడం మొదలుపెట్టింది.

ఉత్తరధ్రువపు అంచున ఉన్న ఆ ఊరి విమానాశ్రయంలో వాతావరణం చూసి చెప్పడం ఆవిడ పని. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే. గంటగంటకీ బయటికెళ్లి నిలబడి చూడాలి. చర్చి శిఖరం అరమైలు దూరం. చమురు ట్యాంకులు మైలు. ట్యాంకులు కనిపిస్తే విమానం దిగొచ్చు, లేకపోతే వచ్చిన దారినే పెద్ద పట్నం ఇకాలుయిట్‌కి పోవాలి. ఇంతకు మించిన శాస్త్రమేమీ లేదు.

ఒకప్పుడు ఇక్కడ విమానాలు గడ్డకట్టిన సముద్రం మీదే దిగేవి. తర్వాత కంకర పరిచి రన్‌వే వేశారు, పక్కన రేకుల గది కట్టారు. రెండేళ్ల కిందట ఆ గది పీకేసి నలభై కుర్చీల భవనం లేపారు. దక్షిణం నుంచి వచ్చిన అధికారి ప్రయాణికులు ఏటేటా ఎలా పెరిగారో గోడ మీద గీత గీసి చూపించి, ఇంకా పెరుగుతారన్నాడు. నిజమే, పెరిగారు. కాన్పుకి విమానం, పంటికి విమానం, కంటికి విమానం. నలభై కుర్చీలూ ఇప్పుడు నిండే ఉన్నాయి. మంచుకి మాత్రం ఆ గీత ఎవరూ చూపించినట్టు లేదు.

“ఏం లీటియక్కా, ఇవాళైనా నీ నోట ఓ మంచిమాట వస్తుందా?” అన్నాడు దుకాణం నడిపే పౌలూసీ. అతని సరుకంతా ఆ విమానంలోనే రావాలి. “కొట్లో ఉల్లిపాయలు తప్ప ఏం లేవు. అవి కూడా నన్ను చూసి ఏడుస్తున్నాయి.”

“వెళ్లి మంచుని అడుగు.”

“అడిగా. లీటియాని అడగమంది.”

నలుగురూ నవ్వారు. లీటియాకి నవ్వే ఓపిక లేదు. తనతో వంతు పంచుకోవాల్సిన మనిషి సెలవు మీద వెళ్లి, విమానం లేక అవతలి ఊళ్లోనే చిక్కడిపోయాడు. నాలుగు రోజుల నుంచి నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయాయి.

కిటికీ పక్క కుర్చీలో ఆవిడ తల్లి కౌనాక్ కూర్చుని ఉంది. ఎనభై రెండేళ్లు. టీ ఫ్లాస్కు, ఎండుచేపల మూట పట్టుకుని రోజూ పొద్దున్నే వచ్చేస్తోంది.

“మా ఆయన బయల్దేరాడా?” అని అడిగింది.

“బయల్దేరాడమ్మా. ఇంకో అరగంటలో మన నెత్తిమీద ఉంటాడు.”

మా ఆయన అంటే మూడు వారాల పసివాడు. లీటియా కూతురు రీపా ఇకాలుయిట్ ఆసుపత్రిలో కన్న కొడుకు. వాడికి లీటియా తండ్రి పేరు, అలూకీ అని పెట్టారు. ఇక్కడ పోయినవాళ్ల పేరు పెట్టాక ఆ వరసతోనే పిలవాలి. అంచేత వాడు రీపాకి తాత, లీటియాకి నాన్న, కౌనాక్‌కి మొగుడు. ఇందులో నవ్వడానికేమీ లేదు. పౌలూసీ కూడా దీని మీద జోకులు వెయ్యడు.

అసలు అలూకీకి క్షయ పట్టింది. విమానం వచ్చి దక్షిణాది ఆసుపత్రికి తీసుకుపోయింది. అప్పటికి లీటియా పాలు తాగే పిల్ల. వెళ్లినవాడు మళ్లీ రాలేదు. చనిపోయాడని ఎవరో చెప్పారు గాని, ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలీదు. కళ్లతో చూడలేదు కదా అని కౌనాక్ ఆ పేరు ఎవరికీ పెట్టనివ్వలేదు. అరవై ఏళ్లకి ఇప్పుడు ఒప్పుకుంది. ఆ పేరు ఇంటికొస్తుంటే ఈ మంచు అడ్డం పడింది. లీటియాకి కడుపు మండిపోతోంది.

రేడియో గరగరలాడింది. పైలట్ కుర్రాడు.

“మేడమ్, మీ పైనే తిరుగుతున్నాను. ఇంధనం ఎక్కువ లేదు. ట్యాంకులు కనిపిస్తున్నాయా?”

లీటియా చేతిరేడియో పట్టుకుని బయటికొచ్చింది. తల్లి కర్ర పొడుచుకుంటూ వెనకే వచ్చింది. చర్చి శిఖరం తేలింది. దాని అవతల, ట్యాంకులుండాల్సిన చోట ఏదో నల్లగా ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది.

“అవిగో ట్యాంకులు,” అంది కౌనాక్.

“నీకు కళ్లల్లో శుక్లాలమ్మా. ఎదురుగా ఉన్న నేనే నీకు సరిగ్గా కనపడను.”

“అయితే నువ్వే చూడు. అవి అక్కడే ఉన్నాయని నీకు తెలీదా? ఒక్క మాట అను. దిగిపోతాడు.”

తలుపు దగ్గర జనం గుమిగూడారు. పైన ఇంజను చప్పుడు ఒక చుట్టు తిరిగింది. లీటియాకి నిజంగానే అనేయాలనిపించింది. ఊఁ అంటే చాలు, నాన్నని ఒళ్లో వేసుకోవచ్చు, ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఆ నలుపు వైపు కళ్లు నొప్పెట్టేదాకా చూసింది.

“అరమైలు,” అంది రేడియోలో. “చర్చి ఒక్కటే. ట్యాంకులు లేవు.”

“సరే మేడమ్. వెనక్కి పోతున్నాం.”

చప్పుడు సన్నబడి దక్షిణం వైపు పోయింది. కౌనాక్ ఫ్లాస్కు మూత బిగించుకుని, కూతురి వంక చూడకుండా నడిచి వెళ్లిపోయింది. సాయంత్రం లీటియా దుప్పిమాంసం ఉడకబెట్టి పట్టుకెళ్తే ముట్టలేదు.

ఐదో రోజు పొద్దున లీటియా వచ్చేసరికి తల్లి అదే కుర్చీలో ఉంది. లీటియా పక్కన కూలబడింది.

“కోపం పోలేదా అమ్మా?”

కౌనాక్ ఫ్లాస్కు మూత తిప్పి రెండు కప్పుల్లో టీ పోసింది.

“మీ నాన్నని ఎక్కించేటప్పుడు నేను ఏడుస్తున్నా. ఆ డాక్టరు మంచివాడే. నా మొహం చూడలేక, ఆర్నెల్లలో తెచ్చేస్తానమ్మా అన్నాడు. అది నమ్మి ఇన్నేళ్లూ విమానం చప్పుడైనప్పుడల్లా బయటికొచ్చి నిలబడ్డా.” ముక్కు తుడుచుకుంది. “నువ్వు ఆ డాక్టరులా నా కోసమని లేనిది ఉందనలేదు. రాత్రంతా అందుకే కోపంగా పడుకున్నా. పొద్దున్నకి తగ్గింది.”

 మళ్లీ చూడాల్సిన గంట అయింది. లీటియా లేచి బయటికెళ్లి, చూడాల్సినంతసేపు చూసి వచ్చింది.

“ట్యాంకులు?” అంది కౌనాక్.

“లేవమ్మా.”

“చర్చి?”

“కనిపిస్తోంది.”

“అయితే సగం దూరం వచ్చేశాడు,” అంది ముసలావిడ. “కూచో. టీ చల్లారిపోతోంది.”