ఎర్రబారిన ఇత్తడి

‘వూలా’ పాత చెక్క పడవ. తెల్లవారుజామున కడవు దీవిలో బయల్దేరి, సాయంత్రానికి సువా రేవు చేరాలి. పైన ఇరవైముగ్గురు ప్రయాణికులు, కర్రపెండలం బస్తాలు, దంచి వడకట్టి తాగే యంగోనా వేళ్ల మూటలు, రెండు పందులు. ఇంజన్ చూసుకునేది లైసనీ. సువా షిప్‌యార్డులో ఆరేళ్లు పనిచేసి ఈ పడవలో చేరింది, చేరి వారమే అయింది. పడవ ఆమె మేనమామ అపెనిసాది. కెప్టెనూ ఆయనే.

మధ్యాహ్నం అవుతుండగా ఆమె దీపం పట్టుకుని ఇంజన్ కిందికి వంగి చూసింది. ఇంజన్‌ను చల్లబరిచే సముద్రపు నీరు పడవ అడుగున బిగించిన ఒక వాల్వు గుండా లోపలికి వస్తుంది. దాని మెడ దగ్గర పచ్చటి చిలుము. చిలుము వింతేం కాదు. కానీ దాని కింద చెమటలా నీటిచుక్కలు ఊరుతున్నాయి. జేబుకత్తి తీసి మెల్లగా గీకింది. లోపల పసుపు కనబడాలి. చిగుళ్ల రంగులో లేత ఎరుపు కనబడింది. కత్తిమొన బెండులోకి దిగినట్టు దిగింది.

లైసనీ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇలాంటివి షిప్‌యార్డులో బల్ల మీద చాలా చూసింది. నడిసముద్రంలో, కాళ్ల దగ్గర ఎప్పుడూ చూడలేదు. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిపిందే. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానితే జింకు కరిగిపోతుంది. బోలుబోలుగా రాగి మిగులుతుంది. ఆకారం చెక్కుచెదరదు, సత్తువ మాత్రం ఉండదు. అందుకే నీటి కింద బిగించేవాటికి కంచు వాడతారు.

పడవ అడుగున ఇలాంటి వాల్వులు నాలుగున్నాయి. అడుగు దూరంలోనే రెండోది. అదీ అదే రకం.

ఆమె పైకి వెళ్లింది. చుక్కాని దగ్గర సమిసోనీ అనే కుర్రాడు, పక్కన అపెనిసా.

“మావయ్యా, కింద వాల్వులు కంచువేనా?”

“కంచో ఇత్తడో, మెరిసేవే వేయించా. నాలుగేళ్లయింది, చుక్క కారలేదు.”

“ఇప్పుడు కారుతోంది. ఇత్తడి అది. ఎర్రబారిపోయింది. వేగం తగ్గించు, ఓసారి వచ్చి చూడు.”

“విన్నావురా సమీ? ఆరేళ్లు యార్డులో కూర్చుని వచ్చి నాకు పడవ నేర్పుతోంది!”

సమిసోనీ ఇకిలించాడు.

“నవ్వకు. అది నీ కాళ్ల కిందే ఉంది,” అంది లైసనీ.

“ఇత్తడి పనికిరాకపోతే బంగారంతో చేయించమంటావా ఏంటే?”

“మావయ్యా, నీ చెల్లెలి కూతురిగా అడుగుతున్నా. రా.”

ఆ దీవుల్లో చెల్లెలి బిడ్డ నోరు తెరిచి అడిగితే మేనమామ కాదనకూడదు, కెప్టెనైనా సరే. వేగం తగ్గించమని సమిసోనీకి సైగ చేసి, గొణుక్కుంటూ నిచ్చెన దిగాడు.

“ముట్టుకోకు. చూడు చాలు,” అంది లైసనీ.

“ఊడేదైతే నాలుగేళ్లు ఆగుతుందటే?” అంటూ ఆయన వాల్వు పిడి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు.

బిస్కెట్టు విరిగినట్టు విరిగింది. పిడితో సహా వాల్వు ఆయన చేతిలోకి వచ్చేసింది. మణికట్టంత లావు నీటిధార వచ్చి ఆయన రొమ్ము మీద కొట్టింది.

“ఇంజన్ ఆపెయ్! ఆపెయ్!” అరిచాడు అపెనిసా.

“ఆపితే పడవ అలలకి అడ్డం తిరుగుతుంది. అరచెయ్యి పెట్టు! అదిమి పట్టు!”

ఆయన అదిమి పట్టాడు. విరిగిన అంచు అరచేతిలోకి దిగింది. ఆయన కెవ్వుమన్నాడు కానీ చెయ్యి తియ్యలేదు. నీళ్లు అప్పటికే చీలమండలు దాటాయి. లైసనీ ఇంజన్‌కు నీళ్లు తీసుకెళ్లే గొట్టాన్ని విరిగిన ముక్క నుంచి లాగి, పైకి కేకేసింది.

“సమీ! చుక్కాని వదలకు! ఎవరైనా ఓ పెండలం దుంప, యంగోనా వడకట్టే గుడ్డ పడెయ్యండి!”

రెండూ వచ్చిపడ్డాయి. గుడ్డను గొట్టం మూతికి చుట్టి అడుగున చేరిన నీళ్లలో ముంచింది. ఇంజన్ ఆ నీళ్లనే పీల్చి బయటికి కక్కడం మొదలుపెట్టింది. తర్వాత దుంపను మేకులా చెక్కి, గుడ్డపీలిక చుట్టి, ఆయన చేతి కింద నుంచి కన్నంలోకి దూర్చింది. సుత్తి జోలికి పోలేదు. మిగిలిన మెడ కూడా పొడైపోవచ్చు. మెలితిప్పుతూ నెట్టింది. ధార ఆగింది.

“హమ్మయ్య,” అన్నాడు అపెనిసా, నీళ్లలోనే కూలబడి.

లైసనీ వేడి చూపించే ముల్లు వంక చూస్తోంది. అడుగున నీళ్లు తగ్గాయి, గొట్టం గురగురలాడింది, ముల్లు పైకి లేస్తోంది.

“దుంప వదులు చెయ్యి మావయ్యా.”

“నీకేమన్నా పిచ్చా? ఇప్పుడేగా మూసింది!”

“నీళ్లు లేకపోతే ఇంజన్ కాలి పట్టేస్తుంది. కొంచెం రానియ్. నేను చెప్పినంతే.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చెప్పినట్టే చేశాడు.

అలా నాలుగు గంటలు. “వదులు.” “చాలు.” “ఇంకొంచెం బిగించు.” రక్తం కారే చెయ్యిని ఒళ్లో పెట్టుకుని ఆయన ఎడమచేత్తో దుంప పట్టుకున్నాడు. ఎక్కువైన నీళ్లను పైవాళ్లు వరసకట్టి బకెట్లతో తోడారు. పెద్ద అల తగిలినప్పుడల్లా లైసనీ చూపు ఆ రెండో వాల్వు మీదికి పోయేది. మూడో గంటలో దుంప చీలింది. కొత్తది చెక్కి పెట్టేలోగా నీళ్లు మోకాళ్లకొచ్చాయి. పైన ఎవరో గట్టిగా ప్రార్థన అందుకున్నారు.

“దేవుడు వింటాడులే, ముందు బకెట్ అందుకో!” అని పందుల యజమానురాలు ఉనైసి అవ్వ కసరడం కింది వరకు వినపడింది.

సువా రేవులో తాడు కట్టాక అపెనిసా పైకొచ్చి అందరి ముందు నిలబడ్డాడు.

“ఆ వాల్వులు నేనే ఎంచాను. దుకాణంలో ముసలాయన కంచువి చూపించాడు. మెరుపు ఒకటేగా, ధర ఎందుకు ఎక్కువ పెట్టాలి అనుకున్నా. మీ ప్రాణాల మీదికి తెచ్చా. తప్పు నాది.”

ఒకతను బస్తా భుజానికెత్తుకుని, ఈ పడవలో మళ్లీ కాలు పెట్టనని చెప్పి వెళ్లిపోయాడు. చాలామంది మూటలు సర్దుకుని దిగిపోయారు. ఉనైసి అవ్వ మాత్రం, “ముందు నా పందుల్ని దించరా, తర్వాత ఏడుద్దువుగాని,” అంది.

మర్నాడు పడవను ఒడ్డుకు లాగారు. మిగిలిన మూడు వాల్వుల్నీ లైసనీ సుత్తితో తట్టింది. మూడూ విరిగాయి. కంచువి వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. అపెనిసా కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ సరిగా ముడుచుకోలేదు. చుక్కాని ఇప్పుడు పూర్తిగా సమిసోనీదే. బయల్దేరే ముందు కెప్టెన్ నిచ్చెన దగ్గర నిలబడి కిందికి కేకేస్తాడు, “పోదామా అమ్మాయ్?” అని. ఆమె ఊఁ అనేదాకా తాడు విప్పరు.