నలభై వేల దీవెన

వాగు వంతెనను మోసుకుపోయిన ఏడాది అది. వంతెనతో పాటు రెండు మడుల బాదం చెట్లూ, మసీదు వెనక గోడా పోయాయి. మనుషులెవరూ పోలేదు. అందుకే ఆ ఏడాది సంగతులు మా ఊళ్ళో ఎవరైనా నవ్వుతూనే చెప్పుకుంటారు. బిహి మాత్రం ఆ మాట వస్తే లేచి వెళ్ళిపోతాడు.

బిహి ఆ వేసవికి ఫ్రాన్సు నుంచి వచ్చాడు. ప్రతి వేసవికీ వచ్చేవాడే. ఈసారి మాత్రం తిరుగు టికెట్టు లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పెళ్ళాం ఇజ్జాకి కూడా. పనివాళ్ళ హాస్టల్లో తనుండే గది తాళం ఆఫీసులో ఇచ్చేశాడు. వంట చేసుకునే కరెంటు పొయ్యిని దుప్పటిలో చుట్టి పెట్టె అడుగున పెట్టుకున్నాడు. సెలవులకి వచ్చేవాడెవడూ పొయ్యి తెచ్చుకోడు. కాబట్టి ఇంటికి రాగానే ఆ పెట్టెకి తాళం వేసి మంచం కిందికి తోశాడు.

అతనికప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. ఇరవై నాలుగో ఏట వెళ్ళాడు. పదిహేడేళ్ళు బొగ్గు గనిలో పని చేశాడు. గని మూసేశాక ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోశాడు. ఇటుకలు మోయించుకున్న వాళ్ళు అతని పేరు మీద పింఛనుకి కట్టాల్సింది సగం ఏళ్ళు కట్టనే లేదని ముసలితనం వచ్చాక తెలిసింది. దాంతో పింఛను చిక్కిపోయింది. పని చేసినందుకు వచ్చేది ఎక్కడున్నా వస్తుంది, నెలకి మూడు వేల నాలుగు వందల దిర్హాములు. దాని మీద ఇంకొంత ఉంది, అది పేదవాడివని ఇచ్చేది. అది కావాలంటే ఏడాదిలో సగానికి పైగా రోజులు ఫ్రాన్సులోనే పడుకోవాలి.

కిందటేడు ఇజ్జాకి కడుపులో రాళ్ళు తీసినప్పుడు బిహి ఇంటిదగ్గర ఎక్కువ రోజులు ఉండిపోయాడు. తిరిగి వెళ్ళాక పింఛను ఆఫీసుకి పిలిచారు. మనవరాలి వయసు పిల్ల అతని పాస్‌పోర్టు విప్పి, ఒక్కో ముద్ర మీద పెన్సిలు ఆనించి, రోజులు పైకి లెక్కపెట్టింది. వెనక కుర్చీల్లో వరసగా కూర్చున్నది మనవాళ్ళే. లెక్క అయ్యేదాకా బిహి గోడకున్న గడియారం చూస్తూ నిలబడ్డాడు. బయటికొచ్చాక వాళ్ళలో ఒకడు సిగరెట్టు ఇవ్వబోతే తనకి అలవాటు లేదన్నాడు. అలవాటు ఉంది. ఆ రోజే ఇక చాలనుకున్నాడు.

మా దగ్గరి పట్నం తిజ్నీత్‌లో, బ్యాంకులో అతనికి తొంభై వేల దిర్హాములున్నాయి. నలభై అయిదేళ్ళలో వెనకేసింది అదే. మిగతాదంతా ఇంటికి పోయింది. రెండంతస్తుల ఇల్లు, పైన నాలుగు గదులు, నీలం తలుపులు. ఆ పై గదుల్లో ఒక్కరోజైనా ఎవరూ పడుకోలేదు. హాస్టల్ మంచం మీద కూర్చుని అతను చాలా రోజులు ఆలోచించాడు. నెలనెలా వచ్చేది తిండికీ, తొంభై వేలు జబ్బులకీ చావుకీ. ఇద్దరు ముసలివాళ్ళకి సరిపోతుందనే తేలింది. అయితే ఫ్రాన్సు మనిషిలా బతకడానికి సరిపోదు.

ఫ్రాన్సు మనిషంటే ఊళ్ళో ఒక లెక్క ఉంది, ఆ లెక్క పెంచినవాడు బిహియే. వెళ్ళిన ఎనిమిదో ఏటనో తొమ్మిదో ఏటనో టీ తాగుతుండగా ఎవరో అడిగితే, గనిలో తను మేస్త్రీనని, తన కింద ఇరవై మంది ఉన్నారని అనేశాడు. ఒక్కసారే అన్నాడు. తర్వాత ఊరే అనడం మొదలుపెట్టింది. మేస్త్రీ ఖాళీ చేతులతో రాడు కదా. ఆదివారం పాతబట్టల సంతలో కోట్లూ స్వెట్టర్లూ కిలోల లెక్కన కొనేవాడు. గదిలో తలుపేసుకుని బ్రష్షు కొట్టి, బొత్తాలు మార్చి, ఇస్త్రీ చేసి, మధ్యలో పల్చటి కాగితం పెట్టి మడిచేవాడు. ఊరికొచ్చి, పెద్ద దుకాణంలో కొన్నానని చెప్పి పంచేవాడు. ఊళ్ళో సగం మంది చలికాలాలు ఆ కోట్లలోనే గడిచాయి.

ఊరి పనికి మా దగ్గర రెండు కాగితాలుంటాయి. బయట సంపాదించుకునే వాళ్ళు డబ్బు కాగితంలో ఉంటారు. ఊళ్ళో ఉండేవాళ్ళు రోజుల కాగితంలో. అంటే ఎవరి గునపం వాళ్ళు తెచ్చుకుని ఇన్ని రోజులు పని చేస్తామని ఒప్పుకోవడం. శుక్రవారం జుమ్మా నమాజయ్యాక, మసీదులో పిల్లలకి చదువు చెప్పే సి ముహంద్ పేర్లు పిలుస్తాడు. ఎవరు ఎంత ఇస్తారో పైకి చెప్పాలి. చెప్పగానే అందరూ అరచేతులు ఎత్తుతారు, అతను దీవెన చదువుతాడు. ఇచ్చేది పెద్దదైతే దీవెన పొడుగు.

వేసవి చివర గాలి చల్లబడ్డాక, వంతెన కోసం పిలిచిన ఆ శుక్రవారం బిహి జేబులో మూడు వేలు పెట్టుకుని వెళ్ళాడు. మూడు వేలంటే తక్కువేనని తెలుసు. ఒంట్లో బాగాలేదనో, బ్యాంకు పని తెమల్లేదనో చెబుదామనుకున్నాడు.

ముందు హమ్ము పేరు పిలిచారు. హమ్ము బిహికి చిన్నాన్న కొడుకు, వయసులో చిన్నవాడు. మా వైపు అన్న వరసవాళ్ళని 'దా' అని పిలుస్తారు. కాసాబ్లాంకాలో కిరాణా కొట్టు. కొత్త కారేసుకుని వచ్చి, వాగు దాటలేక అవతలి గట్టున పెట్టి, బూట్లు చేత పట్టుకుని నడిచొచ్చాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. పదిహేను వేలన్నాడు. దీవెన అయింది. చేతులు దించి ముఖం తుడుచుకుంటూ బిహి వైపు తిరిగాడు.

"మేం సబ్బులూ చేపల డబ్బాలూ అమ్ముకునేవాళ్ళం. మా చేతనైంది ఇంతే. ఇరవై మంది మీద పెత్తనం చేసినవాడు ఇక్కడున్నాడుగా. దా బిహీ, కొట్టువాడి కంటే కిందికి దిగవుగా నువ్వు?"

అందరూ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదది, బిహి అంటే ఉన్న గౌరవం కొద్దీ నవ్విన నవ్వు. ఎగతాళి అయినా బాగుండేది. బిహి నోట నలభై వేలన్న మాట వచ్చింది. ఎవరో పక్కవాడు అన్నట్టుగా విన్నాడు.

ఆ తర్వాత అరచేతులన్నీ లేచాయి. సి ముహంద్ బిహి అమ్మానాన్నల సమాధుల దగ్గర మొదలుపెట్టాడు. అతని చేతుల్ని దీవించాడు, చూపుని దీవించాడు, ఇంటి గడపని దీవించాడు. అగదీర్‌లో ఉన్న కూతుర్నీ ఆమె పిల్లల్నీ దీవించాడు. ప్రతి మాటకీ ఊరంతా ఆమీన్ అంది. దీవెన సాగేకొద్దీ బిహి చెవులు కాలిపోయాయి. లేచి, నోరు జారానని చెప్పడానికి ఎన్నో సందులు దొరికాయి. ఒక్కదాంట్లోనూ లేవలేకపోయాడు. చివర్లో గుడ్డి ముసలాయన ఒకడు తడుముకుంటూ వచ్చి అతని భుజం ముద్దుపెట్టుకున్నాడు. ఆ ముసలాయన ఒంటి మీదున్నదీ బిహి ఇచ్చిన కోటే.

సోమవారం పునాది గోతులు మొదలవుతాయి, అప్పటికి డబ్బు కావాలన్నారు.

శనివారమంతా అతను బయటికి రాలేదు. ఆదివారం పొద్దున్నే వాగు దాటి, రోడ్డెక్కి, తిజ్నీత్ వెళ్ళాడు. బ్యాంకు మూసి ఉంది. ఆదివారమని తెలిసే వెళ్ళాడు. మూసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చుని హాస్టల్లో ఉండే స్నేహితుడికి ఫోన్ చేసి, ఊరికే అడుగుతున్నట్టు తన గది సంగతి అడిగాడు. ఆ గదిలో వేరొకతను దిగాడట. మళ్ళీ పేరు రాయించుకుంటే ఎనిమిది నెలలో, ఏడాదో పడుతుందట. అప్పటిదాకా కావాలంటే నా గదిలో నేల మీద పడుకోవచ్చులే అన్నాడు స్నేహితుడు. ఇంతకీ ఇదంతా ఎవరి కోసమని నవ్వాడు కూడా. ఎవరికో కాదు, నాకే అన్నాడు బిహి. అవతల నవ్వు ఆగిపోయింది.

సాయంత్రం అస్రు నమాజు వేళకి ఇల్లు చేరాడు. ఇజ్జా పెరట్లో మట్టి పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాలుస్తోంది. పొగకి కళ్ళు చికిలించుకుని ఉంది. బిహి నిలబడే చెప్పాడు.

"మళ్ళీ వెళ్ళాలి. టికెట్టు తీసుకుంటాను."

"ఎక్కడికి?" అంది ఇజ్జా. "గది ఇచ్చేసి వచ్చావుగా."

"ఎవరు చెప్పారు?" అన్నాడు బిహి.

"పెళ్ళయినప్పట్నుంచీ నీ పెట్టెలు ఎత్తేది నేనే. బట్టల బరువేదో నాకు తెలీదా? మంచం కింద ఊడ్వడానికి జరిపాను. ఈసారి అందులో ఇనుముంది."

అతను గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. హాస్టల్ సంగతీ, పాస్‌పోర్టు ముద్రల సంగతీ, తొంభై వేల సంగతీ చెప్పాడు. మేస్త్రీ మాట దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఇజ్జా రొట్టె తిప్పుతూ ఆ మాట తనే అందుకుంది.

"మేస్త్రీల చేతులు అట్లా ఉంటాయా? పెళ్ళయిన కొత్తలోనే చూశాను."

"మరి కోట్లు?" అన్నాడు బిహి. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

"నువ్వు నాకిచ్చిన మొదటి కోటుకి లోపలి జేబు దగ్గర దారంతో ఏదో పేరు కుట్టి ఉంది. నాకు చదువు రాదు. చదువు రాకపోయినా అది నా పేరు కాదని తెలుసుకోలేనా? అప్పట్నుంచీ నువ్వు పంచబోయే ముందు రోజు ఒక్కోటీ తీసి జేబులు చూసేదాన్ని. పేర్లు ఊడదీసేదాన్ని. ఒకదాంట్లో బస్సు టికెట్టు, ఒకదాంట్లో ఎవరో పిల్ల ఫొటో. అన్నీ ఈ పొయ్యిలోనే వేశాను."

తను తలుపేసుకుని దాచిందంతా ఈమె ఇక్కడ కూర్చుని మళ్ళీ దాచింది. బిహికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. శుక్రవారం ఊరందరి ముందూ ఇంత సిగ్గు వేయలేదు.

"ఎందుకడగలేదు నన్ను?"

"అడిగితే రావడం మానేస్తావేమోనని."

రొట్టె తీసి బుట్టలో వేసి, మీద గుడ్డ కప్పింది. తర్వాత, ఈ ఇంట్లో నెల గడవడానికి ఎంత అవుతుందో ఎప్పుడైనా అడిగావా అంది. అడగలేదు. ఎంత పంపాలనేదే ఆలోచించాడు కానీ, ఎంత కావాలనేది ఏనాడూ అడగలేదు.

"పద్దెనిమిది వందలు. నా మాత్రలతో కలిపి. నువ్వుంటే చక్కెర ఎక్కువవుతుంది, రెండు వేలనుకో."

అంత తక్కువా అన్నట్టు చూశాడు బిహి. హాస్టల్ మంచం మీద అతను వేసుకున్నది అంతకి ఒకటిన్నర రెట్లు.

"నలభై వేలు ఇచ్చేస్తే?"

"ఆ మిగిలేది ఒక్క ఆపరేషన్‌కి చాలదు. ఇచ్చాక నువ్వెళ్ళి ఆ నేల మీద పడుకో. నేను పైగదులు ఊడ్చుకుంటూ ఉంటాను."

"మాట వెనక్కి తీసుకుంటే ఊరు నవ్వుతుంది."

"నవ్వుతుంది," అంది ఇజ్జా. ఓదార్పుగా ఇంకో మాట కలపలేదు. లేచి, మోకాళ్ళు పట్టుకుని, బుట్టతో లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే బిహి మంచం కింద పెట్టె తాళం తీసి, కరెంటు పొయ్యి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. తర్వాత గొడ్ల కొట్టంలోంచి గునపం తీసుకున్నాడు. అది అతని నాన్నది. మొన తుప్పు పట్టి ఉంటే రాయి మీద నూరాడు. మూడు వేలు జేబులో పెట్టుకుని వాగుకి దిగాడు.

గట్టు మీద సి ముహంద్ రెండు కాగితాలూ రాయి కింద పెట్టుకుని కూర్చున్నాడు. గునపాలతో పదిహేను మంది ఉన్నారు. హమ్ము కూడా ఉన్నాడు, గోతులు ఎక్కడ తవ్వాలో చూపిస్తూ. బిహిని చూడగానే కొందరు లేచి దారిచ్చారు. భుజం మీద గునపం చూసి మళ్ళీ కూర్చోవాలో నిలబడాలో తేల్చుకోలేకపోయారు.

బిహి మూడు వేలు కాగితం మీద పెట్టాడు.

"నలభై వేలు కొట్టెయ్యి. ఇది రాసుకో. మిగతాదానికి నా పేరు రోజుల కాగితంలో రాయి."

"పొద్దున్నే ఏం పరాచికాలు దా బిహీ," అన్నాడు హమ్ము.

"పరాచికం కాదు. అంత ఇచ్చే తాహతు నాకు లేదు. నేను మేస్త్రీని కాదు, నా కింద ఎవరూ లేరు. బొగ్గు తవ్వాను, ఇటుకలు మోశాను." ఊపిరి పీల్చుకుని ఇంకో మాట అన్నాడు. "కోట్లు పాతవి."

వెనకెవరో నవ్వాడు. ఇంకొకతను తన ఒంటి మీద కోటు వైపు చూసుకున్నాడు. హమ్ము మాత్రం నవ్వలేదు. చేతిలో కొలత తాడు చుట్టడం మొదలుపెట్టాడు, చుట్టింది మళ్ళీ విప్పాడు.

సి ముహంద్ పెన్ను తీసి ఒక గీత కొట్టాడు. ఎన్ని రోజులు రాయమంటావన్నాడు. వంతెన అయ్యేదాకా అన్నాడు బిహి. రాశాడు. అయినా బిహి అక్కడ్నించి కదల్లేదు.

"ఇంకేం?"

"శుక్రవారం నలభై వేల దీవెన పుచ్చుకున్నాను. అది నా దగ్గర ఉండకూడదు. తిరిగివ్వాలి. ఎట్లా ఇవ్వాలో చెప్పు."

సి ముహంద్ పెన్నుకి మూత పెట్టాడు. గడ్డం దువ్వుకున్నాడు, నీళ్ళ వైపు చూశాడు.

"దీవెన వెనక్కి తీసుకునే మాటలు నాకెవరూ నేర్పలేదు," అన్నాడు చివరికి. "ఇంతవరకు ఎవరూ తిరిగి తీసుకురాలేదు కూడా."

ఇక చేసేది లేక బిహి కోటు విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా మడిచి, రాయి మీద పెట్టాడు. గోతి చివర రోజుల కాగితం వాళ్ళ పక్కన నిలబడ్డాడు. పక్కవాడు కాస్త జరిగి చోటిచ్చాడు. బిహి గునపం ఎత్తాడు.