సేవ్ గ్లాసు

మా కళ్ళజోళ్ళ దుకాణంలో ఆరేళ్ళుగా ఒక స్టీలు గ్లాసు ఉంది. అందులో ఎవరూ ఏమీ తాగరు. అది ఎవరి బల్ల మీద ఉంటే వాళ్ళే కంప్యూటర్లో సేవ్ నొక్కాలి, మిగతావాళ్ళు చేతులు కట్టుకు కూర్చోవాలి. ఈ చట్టం మా అత్తగారిది. తప్పు మాత్రం నాది, ప్రోగ్రాం రాసింది నేనే కదా.

కంప్యూటర్లు నాలుగు, ఫైలు ఒక్కటి. కళ్ళు పరీక్షించే మావయ్యగారు, అద్దాలు అరగదీసే మా ఆయన, ఫ్రేములు చూపించే ఆడపడుచు, కౌంటర్లో నేను, అందరం ఆ ఫైలునే తెరిచి అందులోనే రాసేవాళ్ళం. ఇద్దరం ఒకేసారి రాస్తే దానికి గండం. మధ్యలో ఎవరి కంప్యూటర్ ఆగినా గండమే.

పోయిన నెల మా ఆయన కాలు తగిలి ప్లగ్గు ఊడింది. ఫైలు పాడైంది. మూడువందల మంది చూపు నంబర్లు గల్లంతు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్ళీ రమ్మని బతిమాలుకున్నాం.

"ఇంకొక్కసారి ఇలా అయిందంటే పుస్తకాల్లోనే రాసుకుందాం. నీ ప్రోగ్రాం అటకెక్కుతుంది," అని తేల్చేశారు అత్తగారు.

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ నా కష్టం, అటకెక్కించడానికి అదేమన్నా చిరిగిన చాపా? నెల రోజులు పట్టుబట్టి కూర్చుని మొత్తం మార్చేశాను.

"ఏం మార్చావేంటి?" అన్నారు అత్తగారు.

"ఇదివరకు నలుగురం ఒకే గిన్నెలో చేతులు పెట్టేవాళ్ళం అత్తయ్యా. ఇప్పుడు గిన్నె దగ్గర సర్వర్ అనే ప్రోగ్రాం ఒక్కటే ఉంటుంది. మేం అడిగింది అదే వడ్డిస్తుంది, మేం ఇచ్చింది అదే లోపల పెడుతుంది."

"అంటే గిన్నె ఇంకెవరూ ముట్టుకోరు."

"ముట్టుకోరు."

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. వంటింట్లో నేను మొత్తుకునేది ఇదేగా."

ఆదివారం ఉదయం పరీక్ష పెట్టారు. నలుగురం తలో కొత్త పేరు టైపు చేశాం. "ఊఁ, నొక్కండి," అన్నారు అత్తగారు. ఒక్కరూ నొక్కలేదు. మావయ్యగారు గ్లాసు కోసం దిక్కులు చూస్తున్నారు.

"వదినా, ముందు నాకిస్తావా?" అంది ఆడపడుచు.

అలవాటు ఎక్కడికి పోతుంది? అత్తగారు విసుక్కుంటూ నా బల్ల మీది గ్లాసు లాక్కుని వెనక దాచుకున్నారు. ఈసారి అందరం నొక్కాం. నొక్కుతుండగానే ఆవిడ వంగి మా ఆయన కంప్యూటర్ ప్లగ్గు పీకేశారు.

నేను లేచి నిలబడ్డాను. "ఏంటత్తయ్యా ఇది?"

"రేపు వాడి కాలు ఊరుకుంటుందా?"

జాబితా తెరిచాను. పాతవన్నీ చెక్కుచెదరలేదు. కొత్తవి మూడు వచ్చాయి. మా ఆయనది సగంలో ఆగింది కాబట్టి సర్వర్ దాన్ని గడప దాటనివ్వలేదు. ఆయన కంప్యూటర్ మళ్ళీ వేసి అదొక్కటీ కొడితే, అదీ వచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గంతేసి, ఎదురుగా మావయ్యగారు కనపడితే సిగ్గుపడి కూర్చున్నాను.

అత్తగారు లోపలికి వెళ్ళారు. ఆ గ్లాసు నిండా టీ పోసి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"తాగు. అటక మీద చోటు లేదులే," అన్నారు.

నేను తాపీగా ఊదుకుంటూ తాగాను. గ్లాసు నా దగ్గరే ఉంది. మిగతా ముగ్గురూ సేవ్ నొక్కుతూనే ఉన్నారు.