యారినెత్ తిరిగి పెట్టిన గడి

మా ఊరు ఎల్ ఎస్తెరోలో వాగు సముద్రంలో కలిసేచోట, మడచెట్ల వేళ్ల మధ్య నల్ల గుల్లలు ఏరుకుని సగం ఊరు బతుకుతుంది. ఆ ఏడాది గుల్లలు బాగా తగ్గిపోయాయి. అదే ఏడాది మా బడికి కంప్యూటర్లు వచ్చాయి. ఆరో తరగతి చెప్పే ఎడిల్మా, పనామా నగరానికి వెళ్లి శిక్షణ పొంది, పిల్లల చేత కంప్యూటర్లో పటాలు కట్టించే పద్ధతి నేర్చుకొచ్చింది. నేను పక్క గదిలో నాలుగో తరగతి చెప్పేదాన్ని కాబట్టి తర్వాత జరిగిందంతా నా కళ్లారా చూశాను.

ఆ పటంలో ఒక్కో విషయానికి ఒక్కో గడి ఉంటుంది. రెండు గడులను కలుపుతూ గీత, ఆ గీత మీద వాటి సంబంధం చెప్పే మాట. దూరాన ఉన్న రెండు బళ్లు ఒకే పటాన్ని తెరిచి, కలిసి కట్టుకోవచ్చు. ఎడిల్మా కొండమీది లోమా బోనీతా బడితో జత కట్టింది. గుల్లలు ఎందుకు తగ్గాయన్నది వాళ్ల ప్రశ్న.

మావాళ్లు మొదటిరోజే కొండవాళ్ల మీద పడ్డారు. కొండమీద పశువుల కోసం అడవి నరుకుతున్నారు, మట్టి వాగులోకి జారుతోంది, ఆ మట్టి గుల్లల మీద పేరుకుంటోంది. మూడు గడులు, మూడు గీతలు. మర్నాడు పటం తెరిస్తే కింద ఎలియేసెర్ అనే కొండ కుర్రాడి రాత కనిపించింది.

"ఓ ఉప్పునీళ్ల మొహాల్లారా, మట్టి సంగతి ఒప్పుకుంటాం. మరి మీ మడచెట్లు ఎవరు నరుకుతున్నారు? మేమా?"

రాసి ఊరుకోలేదు, 'మడచెట్లు నరకడం' అని కొత్త గడి కూడా పెట్టాడు.

పిల్లలందరూ యారినెత్ వైపు చూశారు. వాళ్ల నాన్న క్రిసాంతో మడకర్ర నరికి గుంజలు అమ్ముతాడు. ఆ మధ్యాహ్నానికి గడి మాయమైంది. ఎవరు ఏం మార్చారో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుందన్న సంగతి పాపం ఆ పిల్లకి తెలియదు.

ఎడిల్మా కోప్పడలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎలియేసెర్ రాసింది తప్పా?"

"తప్పే టీచర్!"

"సరే. ఎందుకు తప్పో చెప్పు, నేనే వాడికి రాస్తాను."

పిల్ల, "నాకు తెలీదు టీచర్" అంది.

"తెలీకపోతే పదండి, చూసొద్దాం."

పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయినప్పుడు తరగతంతా మడలోకి దిగింది. చెట్లు నిలిచి ఉన్నచోట కొంతమంది, నరికేసినచోట కొంతమంది ఏరారు. నరికినచోట వెతికినవాళ్లలో యారినెత్ ఉంది. మోచేతుల దాకా బురదలో దేవి దేవి, చివరికి ఖాళీ బుట్ట తెచ్చి ఎడిల్మా ముందు పెట్టింది. కళ్లలో నీళ్లు. అవతలివాళ్ల బుట్ట సగానికి నిండింది.

ఆ సాయంత్రం గడిని తన చేత్తోనే తిరిగి పెట్టింది. అక్కడితో ఆగలేదు. దాని నుంచి కొండవైపు ఒక గీత లాగి, 'ఆ కర్ర వెళ్లేది' అని రాసి, చివర 'లోమా బోనీతా కంచెలు' అని ఇంకో గడి పెట్టింది. కింద ఎలియేసెర్‌కి ఒక మాట: "మీ ఆవుల చుట్టూ ఉన్న గుంజలు మా నాన్నవే. వెళ్లి చూసుకో."

వాడు వెళ్లి చూశాడు. నిజమే. మర్నాడు వాడి జవాబు చిన్నగా ఉంది: "ఇద్దరం కలిసే చేశామన్నమాట."

ఆ గీతతో రెండు ఊళ్లూ ఒకే పటంలో ముడిపడ్డాయి. వాళ్లను జిల్లా ప్రదర్శనకు పిలిచారు. పెద్ద తెర ముందు యారినెత్, ఎలియేసెర్ పక్కపక్కన నిలబడ్డారు. చేతిలో కాగితం లేదు. బళ్ల తనిఖీ అధికారి ఏ గీత మీద వేలు పెట్టినా, ఎలా తెలిసిందో చెప్పారు. మడచెట్ల గడి దగ్గరికి వచ్చాక ఆయన ఆగాడు.

"ఈ నరికేది ఎవరమ్మా?"

వెనక వరసలోంచి క్రిసాంతో లేచాడు. వస్తాడని మేమెవరం అనుకోలేదు.

"నేనేనండి. ఆ గడిలో ఉన్నది నేను" అన్నాడు, అందరికీ వినబడేలా. "దాన్ని అక్కడ పెట్టింది నా కూతురు. ఊళ్లో నా మొహం మీద ఇంత మాట చెప్పిన మగాడు లేడు."

చప్పట్లు మొదలుపెట్టింది కొండవాళ్లే. ఎడిల్మా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు పడ్డాయి.

వానలు పడగానే కొండవాళ్లు కంచెలకు మడగుంజలు కొనడం మానేసి, బాలో అనే చెట్టు కొమ్మలు పాతారు. అవి నాటినచోటే చిగురించి బతికే కంచెలవుతాయి. నాటడానికి పనికొచ్చే కొమ్మలు ఏరి ఇచ్చే పని క్రిసాంతో పట్టాడు. గుల్లలు ఒక్క ఏడాదిలో పెరిగేవి కావు, పెరిగాయని అబద్ధం చెప్పను. నరికినచోట లేత మొక్కలు మాత్రం లేచాయి.

ఆ తర్వాత చిరికీ తీరంలోని ఒక బడి నుంచి పటం కింద ఒక ప్రశ్న వచ్చింది: "మా దగ్గరా గుల్లలు తగ్గాయి. మీతో మేమూ చేరవచ్చా?"

ఎడిల్మా జవాబు రాద్దామని కూర్చునేసరికి యారినెత్ అప్పటికే రాసేసింది: "రండి. కానీ ముందు బురదలోకి దిగి చూసి రండి."

ఎడిల్మా వరండాలోకి పరిగెత్తుకొచ్చి నన్ను కేకేసింది. "ఇలా రావే, చూడు! ఇది నేను చెప్పింది కాదు. ఒట్టు, ఒక్క ముక్క కూడా నేను చెప్పింది కాదు!"