సుబ్బన్న పక్కన చోటు

దిక్కులేనివాళ్ళకు దేవుడే దిక్కంటారు. మడకశిర దారిలో ఉన్న ఆ చిన్న మెథడిస్టు చర్చిలో మాత్రం దేవుడికే శాంతమ్మ దిక్కయింది. ఒకప్పుడు నలభై ఇళ్ళవాళ్ళు, చాపలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్న గుడి అది. వానలు మొహం చాటేశాక ఒక్కో ఇల్లూ బెంగళూరు బస్సెక్కింది. పాస్టరుగారు మొదట నెలకొకసారి వచ్చేవారు, తర్వాత క్రిస్మస్‌కి మాత్రమే, ఆ తర్వాత అదీ లేదు. ఇప్పుడు ఆదివారం పొద్దున శాంతమ్మే గంట కొడుతుంది, శాంతమ్మే పాడుతుంది, ఆమెన్ కూడా తనే అనుకుంటుంది.

గుడి వెనక సమాధుల తోట. పేరుకే తోట, అక్కడ పచ్చగా కనబడేది జిల్లేడు ఒక్కటే. పన్నెండేళ్ళ కిందట ఆమె భర్త సుబ్బన్నను అక్కడే పెట్టారు. ఆ మొరం నేలలో రెండు రోజులు గుంత తవ్విన దాదాపీరు, పక్కనే ఆరడుగులు కొలిచి, ఇది నీకమ్మా అని చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె తలూపింది. అప్పటినుంచి ఆ ఆరడుగుల్లో గడ్డిపోచ మొలవనివ్వలేదు. ఇల్లు మరీ బావురుమన్నప్పుడు వచ్చి ఆ చోట్లో కూర్చునేది. ఎప్పటికైనా తన పక్కన మనిషంటూ ఉండే జాగా అదొక్కటేనని ఆమె నమ్మకం.

ఇంతలో గుడికప్పు ఒక మూల కూలింది. పక్క చేను కొన్నవాళ్ళు ప్లాట్లు వేస్తూ, అడిగేవాడు లేడు కదా అని సమాధుల మధ్య దాకా సున్నపు గీతలు గీశారు. శాంతమ్మ చెప్పులరిగేలా పుట్టపర్తిలోని కలెక్టరాఫీసుకు తిరిగి అర్జీలు పెట్టింది. మూడేళ్ళకు పురావస్తు శాఖ నుంచి లక్ష్మీప్రసన్న అనే అధికారి ఫైలు పట్టుకుని వచ్చింది. మంచి పిల్ల. చెప్పులు బయట విడిచి లోపలికి రావడం శాంతమ్మకు నచ్చింది.

గుడినీ సమాధులనూ స్మారకంగా కాపాడతామని, చుట్టూ గోడ కట్టి, వానల లోపే కప్పు వేయిస్తామని ఆ పిల్ల చెప్పింది. శాంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత అసలు సంగతి వచ్చింది. స్మారకమయ్యాక అక్కడ ఎవరినీ కొత్తగా సమాధి చేయకూడదు. ఎవరికైనా చోటు మీద హక్కుంటే ఇప్పుడే రాయాలి. రాస్తే మాత్రం ఫైలు వెనక్కి వెళ్ళి తిరిగి రావడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది.

తలుపు దగ్గర నిలబడ్డ దాదాపీరు నోరు తెరిచాడు. శాంతమ్మ చూసిన చూపుకు మళ్ళీ మూసుకున్నాడు. ఏడాదంటే ఇంకో వానాకాలం. అంతదాకా ఆ గోడలు ఆగవు, ఆ ప్లాట్లవాళ్ళు అసలే ఆగరు. సుబ్బన్న గుండెల మీద ఎవరో మరుగుదొడ్డి కట్టుకుంటారు.

"ఎవరికైనా హక్కుందా అమ్మా?" అని అడిగింది లక్ష్మీప్రసన్న.

"ఎవురికీ లేదు తల్లీ. ఉండేటోళ్ళంతా పోయినారు."

చూపించిన చోట సంతకం చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గుడిలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

జీపు వెళ్ళగానే దాదాపీరు చెడామడా తిట్టాడు. తిట్టి తిట్టి, చివరికి గొంతు తగ్గించాడు.

"నీకు కాలమొస్తే నేను ఆడనే తవ్వుతా అక్కా. ఎవుడు అడ్డమొస్తాడో సూస్తా."

"వద్దప్పా. సంతకం చేసినా గదా. నన్ను వంక గట్టున యాడన్నా పెట్టండి."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. శాంతమ్మ సమాధుల తోటలోకి నడిచింది. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోవడానికి మనసు రాలేదు. అది ఇక తనది కాదు. భర్త కాళ్ళ దగ్గర ఎండలో నిలబడింది. ఏడవకూడదనుకుంది కానీ ఏడుపు ఆగలేదు. ఏడ్చినంతసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, అప్పుడు చెప్పింది.

"ఇదో, ఇన్నావా. నిన్ను ఇంక ఎవురూ కదిలించరు. నేనే నీ పక్కకు రాలేను. నాకోసం సూడొద్దు."